ట్యాంకుకి కుట్టిన కోటు

మా బావమరిది మోటారుసైకిళ్ల మెకానిక్కు. మా ఇంట్లో ఏది చెడిపోయినా వాడే వచ్చి చూస్తాడు, చూసి "తీసి పారెయ్ బావా" అంటాడు. ఇస్త్రీపెట్టెకీ అదే మాట, గోడ గడియారానికీ అదే మాట. అలాంటివాడు ఆ రోజు నా బండి పెట్రోలు ట్యాంకు మూత తీసి, లోపలికి టార్చి కొట్టి, చాలాసేపు ఏమీ అనలేదు. నాకు భయం వేసింది.

"ఏరా?" అన్నాను.

"నువ్వే చూడు."

చూశాను. ఇనుము కనిపించలేదు. నాలుగు వైపులా ఎర్రటి పొక్కులు, అడుగున పిడికెడు పొడి. వేలు పెట్టి తీస్తే గోరు దాకా ఎర్రబడింది.

"రెండేళ్లు ఖాళీ ట్యాంకుతో నిలబెట్టావు కదా, ఇంతే మరి. నిండా పెట్రోలు పోసి ఉంచినా ఇలా తుప్పు పట్టేది కాదు. ఇప్పుడు ఇందులో పెట్రోలు పోస్తే ఆ పొడంతా పోయి ఇంజనులో కూర్చుంటుంది. దీన్ని తీసి పారెయ్ బావా. ఇదే మోడలు ట్యాంకు నా షాపులో కొత్తది ఉంది. సాయంత్రానికల్లా బిగించేస్తాను."

"పారెయ్యను."

"బావా, నా మాట విను."

"ఒరేయ్, దాని మీద ఏముందో కనిపిస్తోందా నీకు?"

వాడు టార్చి ఆర్పేశాడు. దాని మీద ఏముందో వాడికీ తెలుసు.

దాని మీద ఒక కొంగ ఉంది. మా ఆవిడ వేసింది. నేను దర్జీని, మనిషిని పొడుగు, మెడ ఇంకా పొడుగు. పెళ్లయిన నెలలోపే ఆవిడ నాకు కొక్కిరాయి అని పేరు పెట్టింది. బండి కొన్న వారానికి, నేను మిషను మీద ఉన్న సమయం చూసి, ట్యాంకు కుడివైపున ఆ బొమ్మ వేసేసింది. తెల్లటి కొంగ, మెడలో పసుపుపచ్చ కొలతల టేపు, కంట్లో ఎవరి మీదో విసుగు. ఆ విసుగు నాదేనని వీధి వీధంతా ఒప్పుకుంది. నేను మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ తరవాత షాపుకి ఎవరు కొత్తగా వచ్చినా ఏదో వంక పెట్టి బండి దాకా తీసుకెళ్లి చూపించేవాణ్ణి.

ఆవిణ్ణి అందరూ పెయింటరమ్మ అంటారు. ఇరవై ఎనిమిదేళ్లు బోర్డులు రాసింది. మందుల షాపులు, బడి గోడలు, బస్సుల వెనక అద్దాలు, ఐసు ఫ్యాక్టరీ ప్రహరీ, ఒక పళ్ల డాక్టరుగారి మెట్లు కూడా. పొద్దున్నే బండి మీద నేను, నా వెనక రంగు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ. ఒక చెయ్యి డబ్బాల మీద, ఒక చెయ్యి నా నడుము చుట్టూ. ఆవిణ్ణి గోడ దగ్గర దింపి నేను షాపు తెరిచేవాణ్ణి. చెయ్యి తిరిగిన మనిషి. స్కేలు లేకుండా ఆవిడ గీసిన గీత, నేను మిషను మీద వేసిన కుట్టు కంటే తిన్నగా ఉండేది. ఈ మాట ఆవిడతో ఒక్కసారే అన్నాను, రెండోసారి అంటే నెత్తికెక్కుతుందని మానేశాను.

తరవాత ప్రింటు బోర్డులు వచ్చాయి. గోడలకి కొత్త సున్నాలు పడ్డాయి. ఆవిడ రాసినవి ఒకటొకటే పోయాయి. అందుకు ఆవిడ బాధపడలేదు. రంగు అన్నాక పోతుంది అనేది. మూడేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు దానికి ఏదో పేరు చెప్పాడు, ప్రాణానికేం భయం లేదన్నాడు, మాత్రలు రాశాడు, వణుకు మాత్రం పూర్తిగా పోదన్నాడు. ఏడాది పాటు పంటి బిగువున పని చేసింది. ఒకరోజు ఇంటికొచ్చి కుంచెల పెట్టె బీరువా మీద పెట్టేసింది. ఏడవలేదు. నాతో మాత్రం, ఇక మీదట తనకి ఏం కుట్టినా కుడివైపు లోతుగా ఒక జేబు పెట్టమంది. పెట్టాను. ఎందుకని అడగలేదు. అప్పటి నుంచీ ఆ చెయ్యి ఆ జేబులోనే ఉంటోంది. బండి కూడా ఆ వారమే వరండాలో ఆగిపోయింది.

అందుకే ఆ కొంగ నాకు అంత ముఖ్యం. ఆవిడ చెయ్యి వణకని రోజుల్లో గీసిన గీత ఇక ఎక్కడా లేదు. అది ఒక్కటే మిగిలింది.

ఆ సోమవారం ఆవిడ వరండాలో నిలబడి, "బండి మీద ఒకసారి అలా తిరిగొద్దామా?" అంది. రెండేళ్లలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అడిగిన గంటలోపు నేను బావమరిదికి ఫోను చేశాను.

"సరే, పారెయ్యొద్దు" అన్నాడు వాడు తల గోక్కుంటూ. "లోపల వెనిగర్ నిండా పోసి, గుప్పెడు నట్లు వేసి, మూడు రోజులు ఉంచాలి. మధ్యమధ్యలో బాగా ఊపాలి. నట్లు గీకుతాయి, వెనిగర్ కరిగిస్తుంది. మూడో రోజు వంపేసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. వెంటనే అంటే వెంటనే. కడిగిన ఇనుముకి తడి మీద గాలి తగిలిందా, కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది."

"మరి పైన బొమ్మ?"

"అదే చెప్తున్నా. అంత బరువు అటూ ఇటూ దొర్లిస్తే గీసుకుపోతుంది. దానికి నేను పూచీ కాదు."

"నేను పూచీ. దానికి కోటు కుడతాను."

బావమరిది నా ముఖంలోకి చూశాడు. నేను హాస్యమాడటం లేదని తెలిశాక వాళ్ల అక్కని కేకేశాడు. "అక్కా, ఇలా రా. మీ ఆయన ట్యాంకుకి కొలతలు తీస్తున్నాడు!"

తీశాను మరి, ట్యాంకుని బండి మీంచి ఊడదీయించి. ఛాతీ, నడుము, ముందు పొడవు, వెనక పొడవు, మెడ. లోపలి వైపు మెత్తటి ఫ్లానెలు, మధ్యలో రెండు వేళ్ల మందాన దూది, పైన దళసరి గుడారం గుడ్డ. కింద ఏడు కాజాలు, ఏడు గుండీలు. మూత చుట్టూ కాలరు పెట్టాను. అక్కడ కాలరు అవసరం లేదు. అయినా పెట్టాను. కచ్చా కుట్లు వేసి ఒకసారి తొడిగి చూసి, భుజాల దగ్గర వదులుందని విప్పి మళ్లీ కుట్టాను. చివరికి చూడండి, ఎక్కడా ఒక్క ముడత లేదు, గాలి దూరే సందు లేదు.

మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని అంతా చూసింది. "మన పెళ్లికి నాకు కుట్టిన జాకెట్టు చంకల్లో బిగిసింది. రోజంతా చెయ్యెత్తలేకపోయాను. దీనికి మాత్రం ఎంత చక్కగా కుదిరిందో చూడు" అంది తమ్ముడితో.

"అప్పటికి నేను కొత్తవాణ్ణి" అన్నాను.

"పనికా, నాకా?"

బావమరిది నవ్వాపుకోలేక ట్యాంకు పట్టుకుని కూర్చున్నాడు.

ట్యాంకు కింద పెట్రోలు వదిలే కొళాయి విప్పి, ఆ రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, నట్లు వేసి, వెనిగర్ పోసి, మూత బిగించి వాడు వెళ్లిపోయాడు. కొంగ ఉన్న వైపు మెత్తగా ఉండాలని నేను ఆ వైపే కిందకి పెట్టి, నా దిండు మీద పడుకోబెట్టాను. గంటకోసారి ఒళ్లోకి తీసుకుని ఊపడం, మళ్లీ అదే వైపు పడుకోబెట్టడం. గుండీలు మాత్రం విప్పలేదు. ఇల్లంతా వెనిగర్ వాసన. కొలతలకి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని నిలబడితే ఛాతీ కొలత తప్పొచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి నా నడుము పట్టేసింది. ట్యాంకు ఒళ్లో పెట్టుకుని ఉస్సురంటున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కుడిచెయ్యి జేబులోంచి తీసి, నా ముందు చాచింది.

"ఇలా ఇవ్వండి. ఈ చెయ్యి ఎలాగూ ఊరికే ఊగుతోంది. దీనికీ ఒక పని దొరుకుతుంది."

రెండేళ్లలో ఆ చేతి గురించి మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట. ఆవిడ నవ్వుతూనే అంది. నవ్వాల్సింది నేనే. కానీ నాకు ముక్కు మీద కోపం, అది నాకంటే ముందు లేస్తుంది.

"ఆ చేత్తో పరాచికాలు ఆడకు" అని అరిచాను. "ఇలాంటి హాస్యాలు నాకు నచ్చవు."

ఆవిడ ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తరవాత పోయింది. చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను ఒళ్లో నట్లు గలగలలాడించుకుంటూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. లోపలికి వెళ్లి ఒక్క మాట అంటే సరిపోయేది. వెళ్లలేదు, ఆ రోజంతా ఊపుతూనే ఉన్నాను.

మూడో రోజు పొద్దున కోటు అడుగున చెయ్యి పెడితే తడిగా తగిలింది. మూత దగ్గర ఒలికి ఉంటుందిలే అనుకున్నాను. బావమరిది షాపు నుంచి వేడిగాలి మిషను పట్టుకొచ్చి, ట్యాంకుని బకెట్లోకి వంచాడు. కషాయం రంగు నీళ్లు, వాటి వెనక నట్లు. రెండుసార్లు కడిగాడు. టార్చి కొట్టి చూసి ఈల వేశాడు.

"బావా, కొత్త గిన్నెలా ఉంది లోపల! ఊపావు చూడు, అదీ ఊపడమంటే. ఇక కోటు విప్పు."

గుండీలు విప్పాను. ఎడమవైపు సులువుగా వచ్చింది. కుడివైపు గుడ్డ పట్టుకుంది. నెమ్మదిగా లాగాను. చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. ఫ్లానెలు మీద కొంగ కాళ్లున్నాయి, పొట్ట ఉంది, సగం మెడ ఉంది. ట్యాంకు మీద ఒక కన్నూ, కాస్త ముక్కూ మిగిలాయి. చుట్టూ ఉబ్బిన రంగు పొట్టు.

గుడ్డని తిరిగి ట్యాంకు మీద పెట్టి అదిమాను. అదిమితే అతుక్కుంటుందా? అయినా అదిమాను.

బావమరిది వంగి, కొంగ కాళ్లుండే చోట గోటితో తడిమాడు. సూదిమొనంత చిల్లు. "చూశావా? ఇది ఎప్పుడో పడింది. ఇన్నాళ్లూ తుప్పే దీన్ని మూసి పెట్టింది. తుప్పు పోయేసరికి కారడం మొదలైంది." నా వైపు చూడకుండా చెప్పాడు. "కోటు లేకపోతే బొట్టు కింద పడేది, కనిపించేది. నీ దూది దాన్ని పీల్చుకుని రంగుకి పట్టించింది. అదీ ఆ వైపే పడుకోబెట్టావు."

"కోటు నేనే కుట్టాను" అన్నాను. ఆ ముక్క వాడికి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా అదే నోట్లోంచి వచ్చింది. "ఒరేయ్, మీ అక్కకి చెప్పకు. మళ్లీ తొడిగేస్తాను. ఇంకో రెండు రోజులు ఉంచాలని చెప్దాం."

"ఉంచి?"

ఉంచి ఏం చెయ్యాలో నాకూ తెలియదు. గబగబా గుండీలు పెడుతున్నాను. నాలుగో గుండీ దగ్గర ఉండగా గుమ్మంలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"కడిగేశారా? మరి ఆరబెట్టరేం?"

ఆవిడ వచ్చింది. నా ముఖం చూసింది, సగం పెట్టిన గుండీలు చూసింది. వంగి కోటు తీసేసింది.

"నా వల్లే" అన్నాను. "నా కోటు వల్లే. నీ మీద అరిచాను, దీన్ని పాడు చేశాను. నీ చేతి పని ఇదొక్కటే మిగిలింది, దీన్నీ పోగొట్టాను." యాభై తొమ్మిదేళ్ల మనిషిని, బావమరిది ముందు వలవలా ఏడ్చాను.

ఆవిడ ఫ్లానెలు గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. దాని మీదున్న కొంగని ఇటూ అటూ తిప్పి చూసింది. గోటితో రంగు అంచు గీరింది.

"ప్రైమరు లేదు" అంది.

"ఆఁ?"

"ఆ రోజు మీరు మిషను మీంచి లేచేలోపు వెయ్యాలని రంగు కింద వేసే ఆ ప్రైమరు పూత ఎగ్గొట్టాను. ఇన్నేళ్లు నిలవడమే ఎక్కువ. నా తప్పు మీ కోటు మీద వేసుకోకండి." గుడ్డ పక్కన పెట్టి ట్యాంకు మూతలోంచి చూసింది. "అయ్యో, ఎర్రబడుతోందిరా! ఆ వేడిగాలి మిషను తే. మీరు ముందు దీన్ని పట్టుకోండి, ఏడుపు తరవాత."

పట్టుకున్నాను. ఆవిడే గాలి మిషను కుడిచేత్తో పట్టుకుని మూతలోకి కొట్టింది. చెయ్యి వణుకుతూనే ఉంది. బావమరిది ముందు ఆ చెయ్యి బయట పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. వాడు నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. అరగంటలో లోపల పొడిగా అయింది. వాడు చిల్లుకి టంకం వేశాడు. ఆ వేడికి మిగిలిన కన్నూ ముక్కూ కూడా నల్లబడి పోయాయి. చివరికి కాస్త ఇంజను నూనె పోసి, లోపల అంతా తడిసేలా తిప్పాడు.

"అది ఆఖరి బొమ్మ" అన్నాను, నల్లబడ్డ చోటు చూస్తూ.

"ఆఖరిదని మీతో ఎవరన్నారు?" అంది ఆవిడ.

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"బీరువా మీద పెట్టె దించండి. నాకు అందదు."

దించాను. రెండు రోజులు ఆ ట్యాంకు జోలికి నన్ను రానివ్వలేదు. గరుకు కాగితంతో తనే రుద్దుకుంది. ఈసారి ప్రైమరు వేసింది, ఆరనిచ్చింది, మళ్లీ వేసింది. మూడో రోజు కిటికీ పక్కన కూర్చుని తెల్ల రంగు కలిపింది. మొదటి గీతే పక్కకి పోయింది. తుడిచేసింది. రెండోదీ పోయింది. నేను చూడలేక వెళ్లి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"వదలండి" అంది. "మీరు పట్టుకుంటే అది మీరు వేసిన కొంగ అవుతుంది. మీకు కొంగని వెయ్యడం వచ్చా?"

"రాదు."

"మరి వెళ్లి కాజాలు కుట్టుకోండి."

వెళ్లలేదు. నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాను. పొడవు గీతలు మానేసి చిన్న చిన్నవి వెయ్యడం మొదలుపెట్టింది. వణుకు ఎటు లాగితే అటు ఒక ఈక. తప్పనిపిస్తే దాని పక్కనే ఇంకోటి. మధ్యలో రెండుసార్లు కుంచె కింద పెట్టి, చేతిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒకసారి విసుగొచ్చి నన్ను తిట్టింది, నేను గట్టిగా ఊపిరి పీలుస్తున్నానట. నిజం చెప్పొద్దూ, పాత కొంగ అందం దీనికి లేదు. ఈకలన్నీ గాలికి రేగినట్టున్నాయి. మెడ వంకర తిరిగింది. కాలు ఒక్కటే వచ్చింది. టేపు సగంలో ఉండగా కుంచె కడిగేసి లేచింది.

"మిగతాది రేపు" అంది.

రంగు పని గురించి ఆవిడ నోట 'రేపు' అనే మాట విని రెండేళ్లయింది. నేను లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

సాయంత్రం బావమరిది ట్యాంకు బిగించడానికి వచ్చి, కొంగని చూసి కళ్లార్పాడు. "అక్కా, బావకి ఇదివరకు విసుగు ఉండేది కదా. ఇప్పుడేంటి, భయపడుతున్నాడు?"

"మొన్న నీ ముందు ఏడ్చిన ముఖమే వచ్చింది" అంది ఆవిడ.

రంగు తడి ఆరాక, మర్నాడు పొద్దున, టేపు ఇంకా సగంలో ఉండగానే, ఏడో కిక్కుకి బండి పలికింది. ఆవిడ వెనక ఎక్కింది. ఈసారి డబ్బాలు లేవు, రెండు చేతులూ ఖాళీనే. ఎడమచెయ్యి సీటు పట్టుకుంది. కుడిచెయ్యి జేబులో ఉందో, ఎక్కడుందో నాకు కనిపించలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. వీధి చివరి దాకా మెల్లగా పోనిచ్చాను. మలుపు తిరిగాక ఆ చెయ్యి నా పొట్ట మీదకి వచ్చింది.

బండి పాతది, ఊరికే వణుకుతుంది. నా ఒళ్లంతా ఆ వణుకే. అందులో ఆవిడ చేతిది ఎంతో నాకు తెలియలేదు. బజారు దాటాం, బడి దాటాం, ఐసు ఫ్యాక్టరీ గోడ దాటాం. రైలు గేటు వేసి ఉంటే ఆగి, ఇంజను ఆపేశాను. అంతా నిశ్శబ్దమైపోయింది. నా చొక్కా మీద ఆ చెయ్యి ఒక్కటే సన్నగా వణుకుతోంది. చుట్టూ పదిమంది బళ్ల మీద నిలబడి ఉన్నారు. ఆవిడ అది చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నేను దాని మీద నా చెయ్యి పెట్టాను.

"మొన్న అరిచాను కదా" అన్నాను.

"ఊఁ."

"ఇది ఇక్కడే ఉండనీ."

రైలు వచ్చింది, వెళ్లింది, గేటు లేచింది, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు.

"ఉంటుందిలెండి" అంది. "మీ చెయ్యి తీసి బండి నడపండి ముందు."